దివాలా తీసిన వ్యాపారి చేతికే అందరూ డబ్బిచ్చారు: సింగపూర్ టాన్ కాహ్ కీ

మీరు అడిగింది ఇది: బ్రిటిష్‌వాళ్ళ పాలనలో సింగపూర్, మలయా (ఇప్పటి మలేషియా ద్వీపకల్పం)ల్లో చైనా వ్యాపారులు తమ జనానికి పెద్దలుగా ఎలా నిలబడ్డారు? డబ్బున్నందుకా, దొరల అండ ఉన్నందుకా? వాళ్ళని దళారులు అనాలా, దేశభక్తులు అనాలా?

అందరినీ ఒక గాటన కట్టి జవాబు చెబితే అది పైపైనే పోతుంది. అందుకని ఒక్క మనిషిని పట్టుకుని చెబుతాను. ఆయన పేరు టాన్ కాహ్ కీ. నేను సింగపూర్‌లో చాలాకాలం ఉండి, ఆ ఊరి వర్తక చరిత్ర మీద పనిచేసినవాణ్ణి. ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరని జీవితం ఆయనది. నా జవాబు సూటిగా చెప్పేస్తాను. డబ్బు ఆయన్ని నలుగురిలోకి తెచ్చింది, అంతే. నాయకుణ్ణి చేసింది మాత్రం డబ్బు కాదు. 1934లో ఆయన కంపెనీ మూతపడింది. ఐదేళ్ళు తిరక్కుండానే, 1938లో, ఆగ్నేయాసియా చైనీయులందరి తరఫున ఏర్పడిన యుద్ధ సహాయ నిధికి ఆయన్నే అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. చితికిపోయిన వ్యాపారి చేతిలో లక్షలమంది తమ కష్టార్జితం ఎందుకు పెట్టారు? అది తెలిస్తే మీ ప్రశ్న సగం విడిపోతుంది.

ముందు అప్పటి పాలన ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. 19వ శతాబ్దంలో చాలాకాలం బ్రిటిష్‌వాళ్ళకు సింగపూర్ చైనీయుల భాషా రాదు, లోగుట్టూ తెలియదు. కుల పెద్దలు, రహస్య సంఘాల నాయకుల ద్వారానే పని నడిపించుకున్నారు. 1877లో చైనీయుల వ్యవహారాలకు ప్రత్యేక శాఖ పెట్టి, చైనా భాషలు వచ్చిన విలియం పికరింగ్‌కు అప్పగించాక నేరుగా చూసుకోవడం మొదలైంది. శాసనమండలిలో చైనీయులకు ఒకటీ అరా సీటు ఉండేది. అదీ గవర్నర్ నామినేట్ చేసేదే. సాధారణంగా అది అక్కడే పుట్టి, ఇంగ్లిష్ చదివి, దొరలతో సమానంగా మాట్లాడగలిగినవాళ్ళకు దక్కేది. చైనాలో పుట్టి వచ్చినవాడికి ఆ గడప ఎక్కే వీలు దాదాపు లేదు. పైగా దేశబహిష్కరణ చట్టం ఒకటి మెడ మీద కత్తిలా వేలాడేది. ప్రభుత్వానికి నచ్చకపోతే పెద్ద విచారణ లేకుండానే ఓడ ఎక్కించి పంపేయొచ్చు.

కాబట్టి చైనీయుల సొంత అధికారమంతా వేరే చోట్ల పెరిగింది. గుడిలో, ఊరివాళ్ళ సంఘంలో, వర్తక మండలిలో, బడిలో, పత్రికలో. అది కూడా ముక్కలు ముక్కలుగా ఉండేది. హొక్కియెన్‌వాళ్ళు, తియోచ్యూవాళ్ళు, కాంటనీస్‌వాళ్ళు, హక్కాలు, హైనాన్‌వాళ్ళు, ఎవరి యాస వారిది, ఎవరి గుడి వారిది, ఎవరి వ్యాపారం వారిది. ఒకరి మాట ఇంకొకరికి అర్థం కాదు. ఇన్ని ముక్కల్ని ఒక్కచోట కూర్చోబెట్టగల మనిషి దొరకడం చాలా కష్టం.

టాన్ కాహ్ కీ 1874 అక్టోబర్ 21న దక్షిణ చైనాలోని ఫుజియాన్ రాష్ట్రంలో, సముద్రం ఒడ్డున జిమెయ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి టాన్ కీ పెక్‌కు సింగపూర్‌లో బియ్యం వ్యాపారం. 1890లో కొడుకు కూడా వచ్చి ఆ కొట్లో పనిలో కుదిరాడు. అప్పట్లో సింగపూర్‌కు బియ్యం సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి, సైగాన్ నుంచి, రంగూన్ నుంచి వచ్చేవి. ఆ రంగూన్ మిల్లుల్లో, రేవులో చెమటోడ్చిన కూలీల్లో మన కోస్తా జిల్లాలవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండేవారు. బంగాళాఖాతం ఈ పక్కా ఆ పక్కా బతుకులన్నీ అలా ముడిపడి ఉండేవి.

1900లో తల్లి అంత్యక్రియల పనుల కోసం ఊరికి వెళ్ళి, 1903లో తిరిగి వచ్చేసరికి తండ్రి వ్యాపారం కుప్పకూలి ఉంది. ఖాతాలు అస్తవ్యస్తం, రెండు లక్షల డాలర్లకు (అప్పటి సింగపూర్ డాలర్లు) పైగా బాకీలు. సింగపూర్ చట్టం ప్రకారం తండ్రి అప్పుకు కొడుకు బాధ్యుడు కాదు. చేతులు దులిపేసుకుంటే అడిగేవాడు లేడు. ఆయన మాత్రం అప్పిచ్చినవాళ్ళతో కూర్చుని, తీరుస్తానని ఒప్పందం చేసుకున్నాడు. 1907 నాటికి ఒప్పుకున్నదంతా తీర్చేశాడు. వ్యాపారం అంతా పరపతి మీద, నోటిమాట మీద నడిచే ఊళ్ళో ఈ వార్త ఎంత దూరం వెళ్ళి ఉంటుందో ఊహించుకోండి. ఆయన తర్వాత ఎన్నో పెద్ద పనులు చేశాడు గానీ, నా లెక్కలో ఆయన నాయకత్వానికి పునాది రాయి పడింది ఇక్కడే.

ఆ బాకీలు తీర్చిన డబ్బు ఎలా వచ్చిందో కొంచెం వివరంగా చెబుతాను. ఆయన పని తీరు అర్థమయ్యేది దాంతోనే. 1904లో ఏడు వేల డాలర్ల పెట్టుబడితో అనాసపండు డబ్బాల్లో నింపి అమ్మే చిన్న ఫ్యాక్టరీ పెట్టాడు. షెడ్డు మామూలుది, యంత్రాలు పాతవి. ఊళ్ళో అలాంటి ఫ్యాక్టరీలు అప్పటికే చాలా ఉన్నాయి. అందరూ ఒకేరకం ముక్కలు, మామూలు కోత, డబ్బాల్లో పెట్టి పోటీపడి ధర తగ్గించుకునేవారు. ఈయన స్వయంగా పాశ్చాత్య ఎగుమతి కంపెనీల ఆఫీసులు తిరిగి, యూరప్‌లో ఇంకే రకం కోతలు అడుగుతున్నారో కనుక్కున్నాడు. ప్రత్యేకమైన కోతలకు గిరాకీ తక్కువే, కానీ ధర ఎక్కువ. మిగతావాళ్ళు తలనొప్పి అని వదిలేసిన ఆ ఆర్డర్లన్నీ ఈయన పట్టుకున్నాడు.

రెండోది లెక్క. మిగతా ఫ్యాక్టరీలవాళ్ళు సీజన్ అంతా నడిపి, చివర్లో లాభమో నష్టమో చూసుకునేవారు. ఈయన ఏ రోజు సరుకు ఆ రోజే లెక్కగట్టేవాడు. ఇవాళ వచ్చిన కాయలు ఇన్ని, వీటికి పడిన ధర ఇంత, వీటిలోంచి తయారైన డబ్బాలు ఇన్ని. ఎక్కడ వృథా అయిందో, ఏ కాయ కొన్నందుకు నష్టం వచ్చిందో మర్నాడు పొద్దున్నే తెలిసిపోయేది. తప్పు కనపడితే వెంటనే దిద్దుకునేవాడు. చిట్టా మీద ఉన్న ఈ పట్టుదలే తర్వాత లక్షలమంది చందాల డబ్బు దగ్గర కూడా ఆయనకు అక్కరకొచ్చింది.

రబ్బరు సంగతి త్వరగా చెప్పేస్తాను. 1906లో మలక్కాకు చెందిన టాన్ చే యాన్ దగ్గర 1,800 డాలర్లకు 1,80,000 రబ్బరు గింజలు కొని, తన అనాస తోటలోనే వరసల మధ్య నాటాడు. అనాస పంట డబ్బు ఇస్తుంటే రబ్బరు చెట్లు పెరుగుతూ ఉంటాయి. 1910లో ఆ తోటను 3,20,000 డాలర్లకు అమ్మాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడలు దొరక్క వర్తకం ఆగిపోతే, ఆయన ఓడలే అద్దెకు తీసుకున్నాడు, తర్వాత రెండు కొన్నాడు. వాటిని ఫ్రెంచ్ ప్రభుత్వానికి బాడుగకు ఇస్తే, 1918లో రెండూ మధ్యధరా సముద్రంలో జర్మన్ల దాడిలో మునిగిపోయాయి. బీమా సొమ్ము 12 లక్షల డాలర్లు వచ్చింది. దాన్ని మళ్ళీ రబ్బరులో పెట్టాడు. మిగతావాళ్ళు రబ్బరు షీట్లు ఎగుమతి చేసి ఊరుకుంటే, ఈయన సుంబావా రోడ్డు ఫ్యాక్టరీలో బూట్లు, టైర్లు, బొమ్మలు తయారు చేయించి, చైనాలోనూ ఆగ్నేయాసియా నగరాల్లోనూ సొంత దుకాణాల్లో అమ్మించాడు. 1925 నాటికి 15,000 ఎకరాల తోటలు, పదివేలమందికి పైగా పనివాళ్ళు. ఆయన దగ్గర పనిచేసి తర్వాత సొంతంగా రబ్బరు వ్యాపారులైనవాళ్ళు ఎందరో. అల్లుడు లీ కాంగ్ చియన్, తర్వాత నాన్యాంగ్ విశ్వవిద్యాలయం స్థాపించిన టాన్ లార్క్ సై, ఇద్దరూ ఆయన నీడలో పనినేర్చుకున్నవాళ్ళే.

ఇక బడుల సంగతి. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద భాగం ఇదే కాబట్టి.

1913లో సొంతూరు జిమెయ్‌లో ప్రాథమిక పాఠశాల మొదలుపెట్టాడు. ఊళ్ళో వంశాల వారీగా గొడవలు, ఎవరి చిన్న బడి వారిది. అందరి పిల్లలూ ఒకేచోట చదవాలని ఆయన పట్టు. స్థలం అడిగితే ఎవరూ ఇవ్వలేదు. చివరికి ఊరి పక్కన చేపల చెరువు ఒకటి రెండు వేలకు కొని, మట్టి పోయించి పూడ్పించి, దాని మీద బడి కట్టించాడు. 1918కి మాధ్యమిక పాఠశాల, ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల వచ్చాయి. తర్వాత చేపల వేట, నౌకాయానం, వాణిజ్యం, వ్యవసాయం నేర్పే బడులు వచ్చాయి. సముద్రం ఒడ్డున పుట్టిన పిల్లలకు ఏ చదువు అన్నం పెడుతుందో ఆలోచించి పెట్టిన బడులు అవి.

సింగపూర్‌లో 1919లో చైనీస్ హైస్కూల్ మొదలైంది. దీని గొప్పతనం ఏమిటంటే, హొక్కియెన్ పిల్లలకో తియోచ్యూ పిల్లలకో కాకుండా అందరికీ కలిపి, మాండరిన్‌లో చదువు చెప్పిన ఉన్నత పాఠశాల అది. యాసల గోడలు బడిలో పడిపోతేనే ఊళ్ళో పడిపోతాయని ఆయన నమ్మకం. బ్రిటిష్‌వాళ్ళకు ఇది అంత రుచించలేదు. అదే ఏడాది చైనాలో విద్యార్థులు లేవదీసిన జాతీయవాద ఉద్యమం, మే నాలుగు ఉద్యమం వేడి సింగపూర్‌కూ తగిలి, జపాన్ వ్యతిరేక అల్లర్లు జరిగాయి. 1920లో బడులన్నీ రిజిస్టర్ చేయించుకోవాలని చట్టం తెచ్చారు, చైనీస్ బడుల మీద కన్నేసి ఉంచడానికే. తనకు ఇంగ్లిష్ రాకపోయినా, ఇంగ్లిష్ బడి ఆంగ్లో-చైనీస్ స్కూల్‌కు కూడా సైన్సు చదువుల కోసం 30,000 డాలర్లు ఇచ్చాడాయన. పిల్లలకు చదువు కావాలి, అది ఏ భాషలో అన్న పంతం ఆయనకు లేదు.

అన్నిటికంటే పెద్దది, సొంతూరి పక్కనే ఉన్న షియామెన్ నగరంలో పెట్టిన షియామెన్ విశ్వవిద్యాలయం. 1921 ఏప్రిల్ 6న తెరిచారు. 40 లక్షల డాలర్లు ఇస్తానని మాట ఇచ్చాడు. అందులో 10 లక్షలు కట్టడానికి, 30 లక్షలు పన్నెండేళ్ళ నిర్వహణకు. ఆ రోజున ఆయన మొత్తం ఆస్తి అంతకంటే పెద్ద ఎక్కువేం కాదు. తాను మొదలుపెడితే మిగతా ధనికులు కూడా తలో చెయ్యి వేస్తారని ఆశపడ్డాడు. అడిగాడు, తిరిగాడు. చెప్పుకోదగ్గ సాయం రాలేదు. అయినా ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేదు. భవనాలకు తన పేరు పెట్టనివ్వలేదు. డబ్బు ఎరువులాంటిది, చల్లితేనే పనికొస్తుందని అంటుండేవాడు. తన విషయంలో మాత్రం పొదుపుకు పెట్టింది పేరు. తిండి గంజి, చిలగడదుంపలు. గొడుగు చిరిగేదాకా వాడేవాడు.

1925 తర్వాత గాలి తిరిగింది. రబ్బరు ధర పడిపోకుండా బ్రిటిష్ ప్రభుత్వం 1922లో ఉత్పత్తికి కోత పెట్టింది. 1925లో ధర ఆకాశానికి ఎక్కింది. ఆ ఊపులో అందరూ పెట్టుబడులు పెట్టారు, ఈయనా పెట్టాడు. డచ్‌వాళ్ళ ఇండీస్‌లో (ఇప్పటి ఇండోనేషియా) మాత్రం కోత లేదు, అక్కడి రైతులు విరగ నాటారు. 1928లో బ్రిటిష్‌వాళ్ళు కోత ఎత్తేయగానే ధర కిందికి జారింది. మర్నాడే అన్నట్టు 1929లో ప్రపంచ మాంద్యం వచ్చిపడింది. బ్యాంకుల అప్పు దాదాపు కోటి డాలర్లకు చేరింది. 1931లో బ్యాంకులు కంపెనీని లిమిటెడ్‌గా మార్పించి పగ్గాలు తమ చేతిలోకి తీసుకున్నాయి. తన పేరున్న కంపెనీలోనే ఆయన జీతగాడయ్యాడు.

అప్పుడు వచ్చింది అసలు పరీక్ష. బడులకు పంపే డబ్బు ఆపేస్తే కంపెనీని నిలబెట్టొచ్చని ఒత్తిడి వచ్చింది. వ్యాపార బుద్ధితో చూస్తే అది సరైన సలహానే. చేతిలో నగదు లేనప్పుడు నెలనెలా వేల డాలర్లు ఎక్కడో చైనాలో ఉన్న బడికి పంపడమేమిటి? ఆయన ఒప్పుకోలేదు. కంపెనీ పోతే పోనీ, బడి మూతపడకూడదన్నాడు. కుటుంబం కోసం ఉంచిన పెద్ద ఇల్లు కూడా అమ్మి విశ్వవిద్యాలయానికి పంపాడు. చైనీయుల్లో ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు. 1934లో కంపెనీ మూసేశారు. విశ్వవిద్యాలయాన్ని ఇంకా మూడేళ్ళు ఎలాగో లాక్కొచ్చి, 1937లో చైనా ప్రభుత్వానికి అప్పగించాడు. జిమెయ్ బడులను మాత్రం చివరిదాకా వదల్లేదు.

ఇందులో ఆయన్ని తప్పుపట్టేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాటలో కొంత నిజమూ ఉంది. ధరలు ఊగిసలాడుతున్న సరుకు మీద అంత అప్పు చేసి అంత వేగంగా విస్తరించడం సాహసం. అన్ని నిర్ణయాలూ తానే తీసుకునే అలవాటు. నలుగురు భార్యలు, పదిహేడుమంది పిల్లలున్న ఇంట్లో పిల్లల వాటా ఆస్తి కూడా బడులకే పోయింది. కంపెనీ మూతపడినప్పుడు రోడ్డున పడిన పనివాళ్ళ సంగతి వేరే. ఇవన్నీ కాదనలేం. కానీ ఆయన ఎలా మునిగాడో జనం కళ్ళారా చూశారు. జూదంలోనో విలాసాల్లోనో కాదు, ఇచ్చిన మాట కోసం. అలా పోయినవాడి పరపతి బజారులో పడిపోలేదు, రెట్టింపైంది.

1937 జూలైలో జపాన్ చైనా మీద పూర్తి యుద్ధానికి దిగింది. ఆగస్టులో సింగపూర్ చైనీస్ వర్తక మండలిలో సమావేశం జరిగి సహాయ నిధి ఏర్పాటైంది, అధ్యక్షుడు టాన్ కాహ్ కీ. ఇక్కడ బ్రిటిష్‌వాళ్ళ ధోరణి గమనించాలి. జపాన్‌తో పేచీ వాళ్ళకు అప్పుడు ఇష్టం లేదు. అలాగని లక్షలమంది చైనీయుల ఆవేశాన్ని అణచనూ లేరు. చైనా జాతీయ పార్టీ శాఖలంటే వాళ్ళకు అనుమానం, కమ్యూనిస్టులంటే భయం. ఏ పార్టీలోనూ లేనివాడు, 1916 నుంచి బ్రిటిష్ పౌరుడు, 1918 నుంచి గౌరవ మేజిస్ట్రేట్ హోదా ఉన్నవాడు, లెక్కల్లో ఎవరూ వేలెత్తి చూపలేనివాడు కావాలి. చైనీయుల శాఖ అధికారులే ఆయన వైపు మొగ్గారు. షరతులు మాత్రం పెట్టారు: డబ్బు నిరాశ్రయుల సాయానికే, ఆయుధాలకు కాదు, ఊరేగింపులు వద్దు, వసూలంతా ఒక్క దారిలోనే జరగాలి.

మీరు అడిగిన "దళారీనా?" అన్నదానికి ఇక్కడే జాగ్రత్తగా చూడాలి. ఆయన ఆ షరతులకు ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఆ హద్దుల్లోనే ఉంటూ, బ్రిటిష్‌వాళ్ళు ఊహించనంత పెద్ద వ్యవస్థ కట్టాడు. ప్రభుత్వం ఆయన్ని వాడుకుంది. ఆయనా ప్రభుత్వం ఇచ్చిన అనుమతిని వాడుకున్నాడు. వలస పాలనలో ఈ రకం నాయకత్వమంతా ఇలా సన్నటి గట్టు మీద నడిచిందే.

1938 అక్టోబర్ 10న సింగపూర్ చైనీస్ హైస్కూల్ హాల్లో, తాను పెట్టించిన ఆ బడిలోనే, 45 ఊళ్ళ నుంచి 168 మంది ప్రతినిధులు కూర్చున్నారు. మలయా, డచ్ ఇండీస్, ఫిలిప్పీన్స్, బర్మా, ఇండోచైనా, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఆగ్నేయాసియా సహాయ నిధుల సమాఖ్య ఏర్పడింది. అధ్యక్షుడు మళ్ళీ ఆయనే. చందాలు పెద్ద వర్తకుల దగ్గరే ఆగలేదు. గుమాస్తాలు నెలజీతంలో కొంత రాసిచ్చారు. తోపుడుబండ్లవాళ్ళు ఒకరోజు అమ్మకం ఇచ్చారు. రిక్షా లాగేవాళ్ళు ఒకరోజు కూలి ఇచ్చారు. బడిపిల్లలు వీధుల్లో కాగితం పూలు అమ్మారు. చదువురాని రిక్షావాడు తన రోజు కూలి తీసి ఇచ్చాడంటే, అది పై మనిషి తినేయడన్న నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం 1907లో తీరిన బాకీతో మొదలై, 1934లో మూతపడిన కంపెనీతో గట్టిపడింది.

1939 నాటికి చైనా పెద్ద రేవులు చాలావరకు జపాన్ చేతికి పోయి, సరుకు రావడానికి బర్మా దారి ముఖ్యమైంది. బర్మాలోని లాషియో నుంచి చైనాలోని కున్‌మింగ్ దాకా పదకొండు వందల కిలోమీటర్లకు పైగా కొండదారి. లారీలు ఉన్నాయి, నడిపేవాళ్ళు లేరు. టాన్ కాహ్ కీ పిలుపుకు మలయా నుంచి, చుట్టుపక్కల దేశాల నుంచి 3,200 మంది డ్రైవర్లు, మెకానిక్‌లు వెళ్ళారు. పెనాంగ్‌కు చెందిన లీ యువెమెయ్ అనే అమ్మాయి మగవేషం వేసుకుని వెళ్ళింది. లోయల్లో పడి, మలేరియా వచ్చి, బాంబులకు బలై, దాదాపు మూడోవంతు మంది తిరిగి రాలేదు. ఆ లారీల్లోకి ఎక్కే సరుకు దిగింది రంగూన్ రేవులో. అక్కడ ఓడల నుంచి పెట్టెలు దించిన భుజాల్లో తెలుగువాళ్ళ భుజాలు చాలా ఉన్నాయి. మన బర్మా వలస గురించి ఎవరైనా రాసేటప్పుడు ఈ సంగతి కూడా చేరిస్తే బాగుంటుంది.

1940లో ఆయన చైనా వెళ్ళి యుద్ధం ఎలా నడుస్తోందో స్వయంగా చూశాడు. రాజధాని చుంగ్‌కింగ్‌లో విందుల హడావుడి చూసి మనసు విరిగింది. తన కోసం విందులు వద్దని పత్రికలో ప్రకటన వేయించాడు. కమ్యూనిస్టుల కేంద్రం యెనాన్‌లో మావో పెట్టిన భోజనం కూరగాయలు, ఒక కోడి పులుసు. తిరిగి వచ్చాక చూసింది చూసినట్టు చెప్పాడు. చుంగ్‌కింగ్‌లోని జాతీయ పార్టీ నాయకుడు చియాంగ్ కై షేక్ ప్రభుత్వానికి కోపం వచ్చి, ఆయన్ని అధ్యక్ష పదవి నుంచి దించడానికి మనుషుల్ని పంపింది. 1941లో ప్రతినిధులు మళ్ళీ ఆయన్నే ఎన్నుకున్నారు. ఆయన చూసింది కొద్దిరోజుల యెనానే. దాని మీద అంత పెద్ద అభిప్రాయం కట్టుకోవడం తొందరే అని నేను అనుకుంటాను. అయితే ఆ అభిప్రాయం చెప్పడంలో ఆయనకు సొంత లాభం ఏమీ లేదు, నష్టమే ఉంది.

1941 డిసెంబర్‌లో జపాన్ మలయా మీద పడింది. నిన్నటిదాకా ఊరేగింపులు వద్దన్న ప్రభుత్వమే ఇప్పుడు చైనీయుల్ని కూడగట్టమని ఆయన్ని వేడుకుంది. గవర్నర్ షెంటన్ థామస్ కోరిక మీద ఆయన కూలీలను, వీధి కాపలాదారులను సమకూర్చే మండలికి పెద్దగా ఉన్నాడు. మామూలు జనం చేతికి తుపాకులివ్వడానికి మాత్రం ఒప్పుకోలేదు. బ్రిటిష్‌వాళ్ళు ఓడిపోతే ఆ తుపాకుల పేరుతో జపాన్ సైన్యం జనం మీద పగ తీర్చుకుంటుందని భయపడ్డాడు. అయినా చైనీయుల వాలంటీరు దళం ఏర్పడింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయాక జపాన్‌వాళ్ళు వేలమంది చైనీయుల్ని ఏరి చంపారు. సహాయ నిధికి చందాలిచ్చినవాళ్ళు, పనిచేసినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. మిగిలినవాళ్ళ నుంచి 5 కోట్ల డాలర్లు జరిమానాగా పిండారు.

ఆయన ఫిబ్రవరి 3నే చిన్న పడవలో సుమత్రాకు, అక్కడి నుంచి జావాకు చేరుకున్నాడు. జపాన్‌వాళ్ళ వేట. మూడేళ్ళకు పైగా మలాంగ్ ప్రాంతంలో మారుపేరుతో ఇళ్ళు మారుతూ దాక్కున్నాడు. దొరికితే మింగడానికి విషం దగ్గర పెట్టుకున్నాడు. ఆ ఇళ్ళు ఎవరివి? ఎక్కువగా జిమెయ్ బడుల్లో, షియామెన్ విశ్వవిద్యాలయంలో చదువుకుని జావాలో స్థిరపడిన పూర్వవిద్యార్థులవి. పట్టుబడితే ఇంటిల్లిపాదికీ చావే అని తెలిసీ దాచారు. అక్కడే, చేతిలో కాగితాలు, రికార్డులు ఏమీ లేకుండా, జ్ఞాపకం మీద ఆధారపడి తన ఆత్మకథ రాశాడు. 1945 అక్టోబర్‌లో సింగపూర్ తిరిగి వచ్చాడు.

తర్వాతి కథ బ్రిటిష్‌వాళ్ళతో తెగతెంపుల కథ. 1946లో సొంత పత్రిక పెట్టి చియాంగ్‌ను గట్టిగా విమర్శించాడు. 1948లో మలయాలో కమ్యూనిస్టుల తిరుగుబాటుతో అత్యవసర పరిస్థితి ప్రకటించాక, ఆయన మాట ప్రభుత్వానికి ముల్లులా గుచ్చుకుంది. 1949 అక్టోబర్ 1న బీజింగ్‌లో కమ్యూనిస్టుల కొత్త ప్రభుత్వం ప్రకటన జరిగినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. 1950 మేలో సింగపూర్ వదిలి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఆ సెప్టెంబర్‌లోనే ఆయన పత్రికను మూయించారు. యుద్ధం ముంచుకొచ్చినప్పుడు కాళ్ళావేళ్ళా పడిన పాలకులే, యుద్ధం అయిపోయాక ఆయన్ని ప్రమాదంగా చూశారు. దళారీ అయితే ఈ గతి పట్టదు. అలాగని ఆయన మొదటినుంచీ బ్రిటిష్ వ్యతిరేకి కూడా కాదు. వాళ్ళ చట్టంలో, వాళ్ళ బ్యాంకుల్లో, వాళ్ళ రబ్బరు మార్కెట్లో పెరిగిన మనిషే. ఆయన చూపు ఎప్పుడూ జిమెయ్ మీద ఉంది. పాలకులు మారినా అది మారలేదు.

చివరి పదేళ్ళు సొంతూళ్ళోనే బడులు బాగుచేయించుకుంటూ, షియామెన్‌కు రైలు మార్గం రావాలని పట్టుబట్టి సాధించుకుంటూ గడిపాడు. 1961 ఆగస్టు 12న బీజింగ్‌లో పోయాడు. శవపేటికను రైల్లో జిమెయ్ తీసుకొచ్చి సముద్రం ఒడ్డున సమాధి చేశారు. బ్యాంకులో మిగిలిన 33 లక్షలకు పైగా యువాన్లు కూడా చదువులకు, సమాజానికే. పిల్లలకు వారసత్వం ఏమీ లేదు.

కింద మీరు ఇంకో మాట అడిగారు, సింగపూర్ వస్తే చూడదగ్గవి ఏమున్నాయని. డౌన్‌టౌన్ మెట్రో లైన్‌లో 2015లో తెరిచిన టాన్ కాహ్ కీ స్టేషన్‌లో దిగండి. ఆ చైనీస్ హైస్కూల్ ఇప్పుడు హ్వా చాంగ్ ఇన్‌స్టిట్యూషన్, స్టేషన్ పక్కనే. రోడ్డు మీద నుంచే గడియారం గోపురం కనిపిస్తుంది, లోపలికి వెళ్ళాలంటే మాత్రం ముందుగా అడగాలి. అక్కడి నుంచి చైనాటౌన్ వైపు బుకిట్ పాసో రోడ్డులో ఈ హో హీన్ క్లబ్బు ఉంది. కంపెనీ పోయాక ఆయన మకాం, సహాయ నిధి పని నడిచింది అందులోనే. ఇప్పుడు అక్కడ చిన్న ప్రదర్శనశాల కూడా ఉంది. క్లబ్బుకు వెళ్ళేముందు తెరిచే వేళలు ఒకసారి చూసుకోండి.